ధవళేశ్వరం అడుగులు, ఢిల్లీ శాతాలు

2022 జూలైలో గోదావరి పొంగేనాటికి కోనసీమ జిల్లాకి నిండా నాలుగు నెలలు లేవు. ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ నీరంతా దిగువకి వచ్చి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా 25 లక్షల క్యూసెక్కులకు పైగా సముద్రం వైపు పోయింది. ఆ వారం లంక గ్రామాల్లో ఎవరిని కదిపినా రెండే అంకెలు: భద్రాచలం ఎంతుంది, ధవళేశ్వరం ఎంతుంది. “భద్రాచలం తగ్గుముఖం పడితే రేపటికి మనకీ తగ్గుద్దండీ” అన్నది అయినవిల్లి, పి.గన్నవరం మండలాల్లో ఏ అరుగు మీద కూర్చున్నా వినపడే లెక్క. ధవళేశ్వరంలో ఎంత వస్తే ఎదురుబిడెం కాజ్‌వే మునుగుతుందో, ఎంతకి కనకాయలంక దారి తెగుతుందో అక్కడి పిల్లలు కూడా చెప్పగలరు.

ఆ రెండు అంకెలూ ఊరికే రావు. నది ఒడ్డున గేజీ చూసి గంటగంటకీ రాసే మనిషి, నీటి మట్టాన్ని తనంతట తాను కొలిచే సెన్సరు, ఆ కొలతను ఉపగ్రహం ద్వారా పంపే యంత్రం, ఎగువ వానల్ని బట్టి రేపటి మట్టం లెక్కగట్టే నమూనా, వాటి వెనక కేంద్ర జల సంఘం, రాష్ట్ర జలవనరుల శాఖ. అంతా ప్రజల డబ్బే. 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ జలవిజ్ఞాన ప్రాజెక్టు ఒక్కదానికే సుమారు 3,680 కోట్ల రూపాయలు. అందులో ప్రపంచ బ్యాంకు అప్పూ ఉంది. తుఫాను అంచనాలు, చేపల జాడ చెప్పే సూచనలు, భూసార కార్డులు కూడా ఈ కోవకే వస్తాయి. ప్రభుత్వం సైన్సు మీద డబ్బు పెట్టి సమాచారం పుట్టిస్తుంది. ఆ సమాచారం బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? ఎవరు కొలుస్తారు? ఏ కొలతతో?

పెట్టిన ఖర్చుకి ఏం ఒరిగిందో చెప్పమని ఢిల్లీ తన శాఖల్ని అడగడం కొత్తేం కాదు. 2005లో ఫలితాల బడ్జెట్ అన్న పద్ధతి మొదలైంది. 2017-18 నుంచి దాన్ని ఇంకాస్త బిగించి, పథకాలకి రెండు రకాల లెక్కలు అడుగుతున్నారు. పథకం చేతుల మీదుగా జరిగిన పని ఒకటి, దానివల్ల జనం బతుకులో వచ్చిన మార్పు ఇంకొకటి. నీతి ఆయోగ్‌లోని మూల్యాంకన విభాగం ఈ లెక్కలు చూస్తుంది. నది ఒడ్డున గేజీ పెట్టడం మొదటి రకం. నీరు ఎక్కకముందే లంక రైతు పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలుకురావడం రెండో రకం. మొదటిది బిల్లు చూసి చెప్పేయొచ్చు. రెండోది చెప్పాలంటే లంకకి వెళ్లి అడగాలి. నివేదికల్లో ఏది ఎక్కువ కనిపిస్తుందో పాఠకులు ఊహించగలరు.

ఇందులో మొదటి రకం కూడా సరిగ్గా జరగలేదని 2017లో కాగ్ బయటపెట్టింది. వరద నియంత్రణ, వరద అంచనా పథకాలపై ఇచ్చిన నివేదికలో, 12వ ప్రణాళిక కాలంలో దేశమంతటా 219 టెలిమెట్రీ కేంద్రాలు పెట్టాలని అనుకుంటే 2016 ఆగస్టు నాటికి 56 మాత్రమే పెట్టారని రాసింది. అంతకుముందు పెట్టిన వాటిలో చాలావరకు పనిచేయడం లేదని, ఆధునికీకరణ పేరిట ఇంత ఖర్చయ్యాక కూడా మనుషులు చేత్తో రాసిన అంకెల మీదే ఆధారపడుతున్నారని ఎత్తిచూపింది. చేత్తో రాసిన అంకెని నేను తక్కువ చేయను. వర్షంలో తడుస్తూ గేజీ చదివే మనిషే చాలా వరదల్లో మనల్ని కాపాడాడు. కానీ యంత్రం కొన్నామని లెక్క చూపి, అది మూగబోయిన సంగతి మరో పుటలో దాచడం వేరే విషయం.

అందుకే ‘ఎన్ని కేంద్రాలు పెట్టారు’ అన్న ప్రశ్న కన్నా ‘100 గంటల్లో ఎన్ని గంటలు కొలత అందింది’ అన్నది మేలైన ప్రశ్న. సోలార్ పలక పోయినా, బ్యాటరీ చచ్చినా, సెన్సరు బురదలో కూరుకున్నా ఆ శాతం పడిపోతుంది, దాయడం కుదరదు. అయితే అందులోనూ ఒక కిటుకుంది. ఒక గేజీ ఏడాదిలో 98 శాతం కాలం చక్కగా పనిచేసిందని అనుకుందాం. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. మిగిలిన 2 శాతం అంటే ఏడు రోజులు. గోదారికి పెద్ద వరద వచ్చి పోయేది కూడా అంతే, ఒక వారం. వరద ఒరవడికి గేజీ దెబ్బతినేది కూడా ఆ వారంలోనే. ఏడాది పొడుగునా ఎండలో నిలబడి జూలై మూడో వారంలో మూగబోయిన గేజీకి 98 మార్కులు వేస్తే ఆ మార్కులు ఎవరికి? శాతాన్ని ఏడాది మీద కాకుండా, మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన క్షణం నుంచి దించే క్షణం దాకా ఉన్న గంటల మీద కట్టాలి.

ఇక కొలత అందింది, అంచనా వేశారు. అది నిజమైందా లేదా? కేంద్ర జల సంఘానికి దీనికో నియమం ఉంది. చెప్పిన మట్టానికీ, నిజంగా వచ్చిన మట్టానికీ తేడా అటూ ఇటూ 15 సెంటీమీటర్ల లోపు ఉంటే అంచనా సరైనదని లెక్క. జలాశయాల్లోకి వచ్చే ప్రవాహానికైతే 20 శాతం దాకా తేడా ఒప్పుకుంటారు. ఈ కొలబద్దతో చూస్తే దేశవ్యాప్తంగా చాలా ఏళ్లు 90 శాతం పైనే మార్కులొస్తాయి.

15 సెంటీమీటర్లంటే సుమారు అర అడుగు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, అప్పుడు పోయే నీరు 10 లక్షల క్యూసెక్కులు. రెండోది 13.75 అడుగులకి, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులకి, 17 లక్షలు. మొదటి రెంటి మధ్య రెండు అడుగులకి మూడు లక్షల తేడా ఉంది కాబట్టి అర అడుగు అంటే దాదాపు 75 వేల క్యూసెక్కులు. అంత పెద్ద నదికి ఇది కఠినమైన హద్దే, జల సంఘాన్ని తప్పుపట్టడానికి లేదు. పేచీ వేరే చోట ఉంది. ధవళేశ్వరం గేజీ చెప్పేది ధవళేశ్వరం సంగతి. అక్కణ్ణుంచి నీరు గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలుగా చీలి, ఏ పాయకి ఎంత పోతుందన్నదాన్ని బట్టి, కింద సముద్రం పోటు మీద ఉందా పాటు మీద ఉందా అన్నదాన్ని బట్టి ఒక్కో లంకలో ఒక్కో రకంగా ఎక్కుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర పోటు పెద్దది. అప్పుడు ధవళేశ్వరంలో తగ్గినా కింది ఊళ్లలో నీరు తీయడానికి ఆలస్యమవుతుంది. ధవళేశ్వరం అంచనాకి నూటికి నూరు మార్కులు వచ్చిన రోజున కూడా మామిడికుదురు మండలంలో ఒక ఇంటివాడు సామాను అటక మీదికి ఎక్కించే సమయం దొరక్క నష్టపోయి ఉండొచ్చు.

సమయం అన్నానుగా, ఆ శాతంలో లేనిది అదే. నీరు రావడానికి ఆరు గంటల ముందు చెప్పిన సరైన అంచనాకీ, 30 గంటల ముందు చెప్పిన సరైన అంచనాకీ ఒకే మార్కు పడుతుంటే ఆ మార్కుల జాబితాలో లంక రైతుకి పనికొచ్చే ముక్క రాలిపోయినట్టే. ఆరు గంటల్లో మనుషులు బయటపడతారు. 30 గంటలుంటే గేదెలు, గడ్డిమేట్లు, ధాన్యం, కోతకొచ్చిన అరటి గెలలు కూడా బయటపడతాయి. దీన్ని కొలవడానికి కొత్త యాప్ ఏమీ అక్కర్లేదు. తహసీల్దారు కార్యాలయంలో ఒక రిజిస్టరులో, ఫలానా కాజ్‌వే మీదికి నీరు వస్తుందని ఊరికి కబురు అందిన గంట, నిజంగా నీరు ఎక్కిన గంట పక్కపక్కన రాస్తే చాలు. పదేళ్ల రిజిస్టరు చూస్తే ప్రాజెక్టు మెరుగవుతోందో లేదో ఎవరైనా చెప్పేస్తారు.

తుఫాన్ల విషయంలో ఈ కొలిచే పని ఎంతో ముందుంది. అందుకు ఒక కారణం కోనసీమ లాంటి చోట్లు పడ్డ దెబ్బలు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన తుఫాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకీ, రొయ్యపిల్లల కోసమూ వెళ్లినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయిన ఆ తోటల్ని చూసినవాళ్లు ఇప్పటికీ ఆ తుఫానుని తేదీతో చెబుతారు.

వాతావరణ శాఖ ప్రతి తుఫాను తర్వాత ఒక నివేదిక రాస్తుంది. అందులో తన తప్పు తనే కొలుచుకుంటుంది. పద్ధతి చాలా సాదా. 24 గంటల ముందు, రేపు ఈ వేళకి తుఫాను కేంద్రం ఇక్కడ ఉంటుందని పటం మీద చుక్క పెడతారు. మర్నాడు అది నిజంగా ఎక్కడుందో ఇంకో చుక్క పెడతారు. రెండు చుక్కల మధ్య దూరమే పొరపాటు. 2009 నుంచి 2013 దాకా వచ్చిన తుఫాన్లలో ఇది సగటున 120 కిలోమీటర్ల పైచిలుకు. 2015 నుంచి 2019 దాకా చూస్తే 80 దరిదాపుకి దిగింది. మూడు రోజుల ముందు చెప్పే అంచనాలో పొరపాటు 270 దరిదాపు నుంచి 180 లోపుకి వచ్చింది. ప్రభుత్వ శాఖ ఒకటి తన తప్పుని కిలోమీటర్లలో కొలిచి ఏటా అచ్చువేయడం మన దగ్గర అరుదు. అందుకు మెచ్చుకోవాల్సిందే.

మెచ్చుకుంటూనే ఆ 80 కిలోమీటర్లని కోనసీమ మీద పరిచి చూడండి. అంతర్వేది నుంచి కాకినాడకి నేరుగా గీత గీస్తే 90 కిలోమీటర్ల లోపే. అంటే అంతర్వేది దగ్గర దాటుతుందన్న తుఫాను మామూలు పొరపాటుతోనే కాకినాడ పక్కకి జరగొచ్చు. జిల్లా తీరమంతా ఆ పొరపాటులో ఇమిడిపోతుంది. పైగా మన తీరంలో తుఫాను కదిలే దిక్కుకి కుడిచేతి వైపున గాలి జోరెక్కువ, సముద్రపు నీటిని ఒడ్డుకి నెట్టేది కూడా ఆ వైపే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురానికి దగ్గర్లో తీరం దాటినప్పుడు కోనసీమ ఆ కుడి వైపున పడింది. కేంద్రం కాస్త ఉత్తరంగా జరిగి ఉంటే కథ ఇంకోలా ఉండేది. ఒక మండలానికి 20 కిలోమీటర్ల తేడా కూడా చిన్నది కాదు.

ఇంకో ప్రశ్న. పొరపాటు తగ్గిందంటే శాఖ తెలివి పెరిగినట్టేనా, లేక ఆ ఏళ్లలో తుఫాన్లు బుద్ధిగా తిన్నగా నడిచాయా? కొన్ని మధ్యలో మెలి తిరుగుతాయి, కొన్ని గీత గీసినట్టు వస్తాయి. దీనికి శాస్త్రవేత్తలు ఒక ఉపాయం పెట్టుకున్నారు. పాత తుఫాన్ల సగటు నడకనీ, ఈ తుఫాను ఇప్పటిదాకా కదిలిన తీరునీ మాత్రమే చూసి, ఉపగ్రహమూ సూపర్ కంప్యూటరూ లేకుండా వేసే ఒక మొద్దు అంచనాని పక్కన పెడతారు. అసలు అంచనా ఆ మొద్దు అంచనాని ఎంత తేడాతో ఓడించిందన్నదే నైపుణ్యం. కష్టమైన ఏడాది మొద్దు అంచనా కూడా ఘోరంగా తప్పుతుంది కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుంది.

ఈ ఉపాయాన్ని వరద శాతాలకి పెట్టి చూస్తే కొన్ని మెరుగులు రాలిపోతాయని నా అనుమానం. నది నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ ఉన్న రోజుల్లో, ‘ఇప్పుడెంతుందో కాసేపయ్యాకా అంతే ఉంటుంది’ అన్నా చాలాసార్లు 15 సెంటీమీటర్ల లోపే పడుతుంది. అలాంటి సులువైన రోజుల అంచనాలు వేలల్లో ఉండి, కష్టమైన వారంవి పదుల్లో ఉంటే, 90 పైన మార్కులు రావడంలో వింత లేదు. నిజమైన పరీక్ష గంటకి గంట ఎగబాకే నాటిది. దాన్ని విడిగా చూపించాలి.

చావుల లెక్క విషయంలోనూ ఒక జాగ్రత్త. 1996లో వెయ్యికి పైగా, మొంథాలో వేళ్ల మీద లెక్కపెట్టే అంత. ఈ తేడా అంతా అంచనాల ఘనతేనని ప్రాజెక్టు నివేదికలో రాసుకోవడం తేలిక. మొంథా గాలులు గంటకి 90-100 కిలోమీటర్లు, 1996వి అంతకన్నా చాలా ఎక్కువ. ఈ మధ్యలో తుఫాను షెల్టర్లు కట్టారు, ఊరూరికీ రోడ్డు పడింది, ప్రతి చేతిలో ఫోను వచ్చింది, పెంకుటిళ్లు డాబాలయ్యాయి. వీటిలో ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టం. విడదీయలేని చోట మొత్తం ఘనత ఒకరి ఖాతాలో వేసుకోకుండా ఉండటం మర్యాద.

భూసార కార్డుల సంగతి తుఫాన్ల కొలతకి పూర్తిగా తిరగబడిన కథ. 2015 ఫిబ్రవరి 19న మొదలైన ఈ పథకం తొలి విడతలో దేశంలో 10 కోట్లకు పైగా కార్డులు పంచారు. పరీక్షకి తీసిన మట్టి నమూనాలు మాత్రం రెండున్నర కోట్ల దరిదాపు. అంటే ఒక్కో నమూనా నుంచి సగటున నాలుగు కార్డులు పుట్టాయి. ఇందులో మోసమేమీ లేదు, నియమమే అంత: నీటివసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకి ఒక నమూనా. అంటే ఆరెకరాల పైచిలుకు. కోనసీమలో ఆరెకరాలంటే ఎంతమంది రైతులు! ఒక వైపు కొబ్బరి తోట, దాని గట్టు దాటితే వరి చేను, ఆ పక్కన రొయ్యల చెరువు, చెరువు ఊటతో ఉప్పెక్కిన ఇంకో చెక్క. వీటన్నిటి మట్టీ ఒకటేనని కార్డు చెబితే రైతు దాన్ని దూలం సందులో దోపి మర్చిపోతాడు. పంచిన కార్డులు లెక్కపెట్టిన అధికారికి పథకం నెరవేరినట్టే కనిపిస్తుంది. కార్డు చూసి ఎరువు బస్తా ఒకటి తగ్గించినవాళ్లెందరు అన్నది లెక్కిస్తే వేరే అంకె వస్తుంది. లక్ష్యంగా పెట్టిన అంకె ఎప్పుడూ పెరుగుతుంది. పని పెరిగిందా అన్నది దాన్నిబట్టి తెలియదు.

చివరిగా సముద్రం. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 1999 నుంచి ఉంది. సముద్రమే లేని ఊళ్లో సముద్ర సమాచార కేంద్రమేమిటని నవ్వేవాళ్లకి జవాబు సులువు: దాని కళ్లు ఉపగ్రహాల్లో ఉన్నాయి. నీటి పైపొర వేడినీ, నీటిలోని సన్నని నాచు మొక్కల రంగునీ చూసి, చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచులు, మేత ఎక్కువగా ఉండే చోట్లు గుర్తిస్తుంది. అక్కడ చేప చేరే అవకాశం ఎక్కువ. ఆ చోటుని ఒక్కో రేవు పేరు మీద, ఏ దిక్కున ఎన్ని కిలోమీటర్లు, అక్కడ లోతు ఎంత అని తెలుగులో కూడా పంపుతుంది. సరంగు దాన్ని జీపీఎస్‌లో పెట్టుకుని బోటు తిప్పుతాడు. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది.

ఎంత మిగులుతుంది? ఎన్‌సీఏఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ 2020లో భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కోసం ఒక అధ్యయనం చేసింది. రుతుపవనాల మిషన్ మీద, సూపర్ కంప్యూటర్ల మీద పెట్టిన ప్రతి రూపాయికీ 50 రూపాయల లాభమని తేల్చింది. అందులో మత్స్యకారుల భాగంలో, ఈ చేపల సూచనల మీద వెళ్లి సఫలమైన 1,079 వేట ప్రయాణాల వల్ల 1.92 కోట్ల అదనపు ఆదాయం వచ్చిందని ఉంది. భాగిస్తే ప్రయాణానికి సుమారు 17,800 రూపాయలు. చిన్న సొమ్ము కాదు.

సఫలమైన ప్రయాణాలు అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. సూచన పట్టుకుని వెళ్లి ఖాళీ వలతో వచ్చినవి ఎన్ని? అవి 100 అయితే ఒక కథ, 1,000 అయితే ఇంకో కథ. వాటి డీజిల్, ఐసు, కళాసీల కూలి తీసేస్తే మిగిలేది ఎంత? సూచన లేకుండా, ఆ రోజే, అలాంటి బోటుతో, అనుభవాన్నే నమ్ముకుని వెళ్లిన సరంగుకి ఎంత పడింది? ఈ పోలిక లేకపోతే ఘనత ఉపగ్రహానిదో సరంగుదో తేలదు. ఇలాంటి జంట పోలికలు పరిశోధకులు కొన్ని తీరాల్లో చేశారు కూడా. వల వేసిన గంటకి ఎన్ని కిలోలు పడ్డాయని లెక్కగట్టి, సూచించిన చోటునీ, సూచించని చోటునీ పక్కపక్కన పెడతారు. నా మట్టుకు కోట్లలో చెప్పిన లాభం కన్నా గంటకి కిలోల్లో చెప్పిన ఈ తేడా ఎక్కువ నమ్మకంగా ఉంటుంది.

మబ్బు పడితే నీటి రంగు ఉపగ్రహానికి కనపడదు, ఆ రోజు సూచన రాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అది ముగిసి బోట్లు కదిలే వేళకి నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి. మత్స్యకారుడికి చేతిలో డబ్బు లేక, సూచన ఎక్కువ అవసరమైన రోజులవి. కాబట్టి ఏడాదిలో ఎన్ని సూచనలు పంపారన్నది కాదు, వేట సాగిన రోజుల్లో ఎన్ని రోజులకి సూచన ఉందన్నది నెలవారీగా చూపాలి. 40 కిలోమీటర్ల దూరంలో చేప ఉందంటే మరబోటుకి అది మంచి కబురు, అంతర్వేది నుంచి చిన్న ఇంజను నావ మీద వెళ్లేవాడికి కాదు. కాకినాడ మరబోట్లనీ, ఓడలరేవు నావలనీ ఒకే సగటులో కలిపేస్తే నావవాడు ఆ సగటులో కనపడకుండా పోతాడు. పడవ రకాన్ని బట్టి విడివిడి వరుసలు వేసి, సూచన మీద వెళ్లి ఒట్టి వలతో తిరిగొచ్చిన ప్రయాణాలకీ, వాటికి తగలబడ్డ డీజిల్ లీటర్లకీ ఒక్కో గడి వదిలితే 1.92 కోట్ల పక్కన రాయాల్సిన రెండో అంకె కూడా దొరుకుతుంది.